రెండు నిమిషాల పిడికిలి

పోయిన వారం గ్రాములుని లాబ్‌లో అందరి ముందూ, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డచోట వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులు అలాగే నిలబడి ఉంటుందని మీరు బెంగపడి ఉంటారు. లేదు లెండి, ఇంటికి చేరింది. ఆ సంగతికే వస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గ్రాములు అసలు పేరు కాదు. వంటింట్లో చిటికెడు ఉప్పు కూడా తూచి గానీ వెయ్యదని, ఇల్లు పంచుకుని ఉంటున్న టైలరక్క పెట్టిన పేరది. ఇంట్లో పుట్టిన పేరు లాబ్ దాకా పాకి అక్కడే స్థిరపడిపోయింది. మూడేళ్ళుగా ఈ పిల్ల ఒక ద్రవం తయారుచేస్తోంది. పాలు విరగబోతున్నాయని ముక్కుకి తెలియకముందే కంటికి చూపించే ద్రవం. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో రెండు చుక్కలు వేస్తే, మంచి పాలు తెల్లగానే ఉంటాయి, చెడిపోబోతున్న పాలు పది నిమిషాల్లో గులాబీ రంగుకి తిరుగుతాయి. గ్రాములు చేసిన ప్రతిసారీ తిరిగాయి. పేపరు అచ్చయింది. థీసిస్ చివరి అధ్యాయం దాకా వచ్చింది.

అప్పుడొచ్చింది ఉత్తరం, ఎక్కడో ఇంకో లాబ్ నుంచి. ‘మీరు రాసిన విధానం ప్రకారం ముప్ఫైసార్లు చేశాం. ఒక్కసారి కూడా రంగు రాలేదు. కారణం తెలుపగలరు’ అని. గ్రాములుకి గైడైన మేడమ్ ఆ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఎవరికో మూడిందన్నమాటే. పక్క బెంచీ సందేహం గారిని పిలిచి, గ్రాములు రాసిన కాగితం చేతిలో పెట్టి, అదే సీసాలో ద్రవంతో, అదే పాలతో చెయ్యమంది. చేశాడు. పాలు ఇరవై నిమిషాలు చూసినా తెల్లగానే ఉన్నాయి. పక్కనే గ్రాములు చేస్తే ఎనిమిదో నిమిషానికల్లా గులాబీ రంగు.

“నీ చేతికి మాత్రమే వచ్చి ఇంకెవరి చేతికీ రాకపోతే దాన్ని హస్తవాసి అంటారమ్మా, సైన్సు అనరు” అంది మేడమ్. “శుక్రవారం పదకొండింటికి ఇదే బల్ల మీద, నువ్వు రాసిన కాగితం చూసి, ఇంకొకరి చేత్తో రంగు రావాలి. రాకపోతే పేపరు వెనక్కి తీసుకుందాం. థీసిస్ సంగతి ఆ తర్వాత చూద్దాం.”

ఇప్పుడు గురువారం సాయంత్రం ఆరయింది.

వంటింట్లో టైలరక్క పొయ్యి ముందు నిలబడి ఉంది. గ్రాములు డైనింగు బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చుంది. నాలుగు రోజులుగా తన కాగితాన్ని తనే యాభైసార్లు చదివింది. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని చుక్కలు, సీసా ఎన్నిసార్లు కదపాలి, ఏ కంపెనీ డ్రాపరు, అన్నీ ఉన్నాయి. ఇంకేం రాయాలి? ఊపిరి ఎన్నిసార్లు పీల్చాలో కూడా రాయాలా? తల ప్రాణం తోకకొచ్చింది పిల్లకి.

ఈ వేళ వంట టైలరక్క వంతు కాదు. గ్రాములుకి మనసు బాగాలేదని తనే చేస్తానంది. బంగాళాదుంప వేపుడు. దానికీ ఒక కాగితం ఉంది, ఫ్రిజ్ తలుపుకి అంటించి. పైన ‘వేపుడు, నాలుగో సవరణ’ అని హెడ్డింగు. దుంపలు ఐదు వందల గ్రాములు, ముక్క సెంటీమీటరు మందం, నూనె నలభై మిల్లీలీటర్లు, మంట మధ్యస్థం, మూత పెట్టరాదు, ఐదేసి నిమిషాలకోసారి తిప్పవలెను. గ్రాములు వాళ్ళమ్మ ఈ వేపుడుని ఫోన్లో నేర్పినప్పుడు ‘నూనె ఎంతమ్మా’ అంటే ‘సరిపడా’ అంది, ‘ఎంతసేపమ్మా’ అంటే ‘వేగేదాకా’ అంది. అలా మూడుసార్లు ఫోన్ చేసి, నాలుగోసారి అమ్మ విసుక్కుని పెట్టేశాక, కూతురు తక్కెడ తెచ్చుకుని తనే కనిపెట్టుకున్న విధానమది.

“ఇదిగో, చూడు” అని టైలరక్క మూకుడు తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది. ముక్కలన్నీ ఒకదాన్నొకటి కావిలించుకుని ముద్దగా, పాలిపోయి ఉన్నాయి. “నీ కాగితం ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా చేశాను. నీకు కరకరలాడుతూ వస్తాయి. నాకు ప్రతిసారీ ఇలాగే ఏడుస్తాయి. నీ కాగితం అబద్ధాలాడుతోందే పిల్లా!”

గ్రాములుకి చిర్రెత్తుకొచ్చింది. వారమంతా లోపల దాచుకున్నదంతా ఆ వేపుడు మీద పడింది.

“కాగితంలో తప్పేం లేదక్కా! చేసేవాళ్ళు సరిగ్గా చెయ్యకపోతే కాగితం ఏం చేస్తుంది? తొందరపడి ఉంటావు. మంట పెంచి ఉంటావు!”

“నేనా? తొందరా? రోజుకి నలభై చొక్కాలకి చేతులు కత్తిరిస్తాను నేను. ఒక్క వేలెడు తేడా వస్తే మేస్త్రీ చెవులు మెలేస్తాడు. నాకు కాగితం చూసి చెయ్యడం రాదంటావా? అయితే లే. లేచి నువ్వు చెయ్యి. నేను చూస్తాను.”

గ్రాములు దిగ్గున లేచింది. దుంపలు తూచింది, చెక్కు తీసింది, కోసింది. కోస్తున్నంతసేపూ నోరు ఆగలేదు. ఆ లాబ్ వాళ్ళు కాగితం సరిగ్గా చదివి ఉండరనీ, సందేహం గారికి తన మీద మొదటినుంచీ అసూయ అనీ, మేడమ్ మూడేళ్ళ నమ్మకాన్ని మూడు నిమిషాల్లో గాలికి వదిలేసిందనీ, ఇంత చాకిరీ చేసి చివరికి హస్తవాసి అనిపించుకోవాల్సి వచ్చిందనీ ఏకరువు పెట్టింది. టైలరక్క స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఊఁ కొడుతూ ఆ పిల్ల మొహం వంక మాత్రం చూడలేదు. చేతుల వంకే చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషి భుజం కొలత టేపు లేకుండా చెప్పేసే కళ్ళు అవి. ఆ కళ్ళ ముందు నిలబడటం కొంతమందికి ఇబ్బందిగా కూడా ఉంటుంది.

ఇరవై నిమిషాలకి వేపుడు దిగింది. బంగారు రంగు. ముక్కకి ముక్క విడివిడిగా.

“చూశావా? అదే కాగితం!” అంది గ్రాములు, గెలిచినట్టు.

“చూశాను. తుడిచావు.”

“ఏం తుడిచాను?”

“ముక్కలు. కోసి కడిగాక ప్రతి గుప్పెడూ ఆ తువ్వాల్లో అద్దావు. తిట్టుకుంటూ అద్దావు. ఒక్కో గుప్పెడూ మూడేసిసార్లు. నేను కడిగి నీళ్ళతోనే వేసేశాను, ఎందుకంటే నీ కాగితంలో తుడవమని లేదు.”

“నేను తుడవలేదక్కా!”

“తుడవకపోతే నీ భుజం మీద తువ్వాలు ఎందుకు తడిసింది? ఏడ్చావా దాంట్లో?”

గ్రాములు తువ్వాలు చేత్తో పట్టుకుని చూసింది. పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఎప్పుడు అద్దిందో గుర్తులేదు. అమ్మ ఎప్పుడో కొంగుతో అద్దుతుంటే చూసి ఉంటుంది, అది చేతికి అలవాటైపోయింది, తలకి మాత్రం తెలియదు. తెలియనిదాన్ని కాగితం మీద ఎలా రాస్తుంది? నాలుగు సవరణలు చేసింది గానీ ఒక్కదాంట్లోనూ ఆ ముక్క లేదు.

గ్రాములు మెల్లగా కుర్చీలో కూలబడి, “అక్కా, రేపు సగం రోజు సెలవు పెట్టు” అంది.

“ఎందుకే?”

“లాబ్‌కి వచ్చి నా చేతులు చూడు.”

“నాకు పాల గురించీ రంగుల గురించీ ఏం తెలుసే? నేను చదివింది పదో క్లాసు.”

“అందుకే నువ్వే కావాలి. తెలిసినవాళ్ళు అక్కడ ఏం ఉండాలో అదే చూస్తారు. నువ్వు ఉన్నది చూస్తావు.”

టైలరక్క ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలి, ఫోన్ తీసి మేస్త్రీకి రేపు మధ్యాహ్నం వస్తానని చెప్పేసింది. ఇద్దరూ మూకుడు మధ్యలో పెట్టుకుని, ముద్దయిన వేపుడు ఒకవైపు, కరకరలాడేది ఒకవైపు, రెండూ తినేశారు. ఆకలికి తేడా తెలియలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకల్లా లాబ్‌లో ఉన్నారు. బయటివాళ్ళు లోపలికి వస్తే తెల్లకోటు వేసుకోవాలి. ఇచ్చిన కోటు తొడుక్కోకముందే టైలరక్క దాన్ని తిరగేసి కుట్లు చూసింది. “ఈ చంకలు ఎవరు కుట్టారే? ఎవరి మీదో పగ తీర్చుకున్నట్టు కుట్టారు” అంటుండగానే సందేహం గారు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు ఉండే మనిషి. కుళాయి తిప్పితే నీళ్ళే వస్తాయా అని కూడా అనుమానపడతాడని ఆ పేరు.

“ఈవిడ ఏ డిపార్ట్‌మెంటు?” అన్నాడు.

“కొలతలు” అంది టైలరక్క తడుముకోకుండా. అతను కాసేపు ఆలోచించి తలూపాడు.

ఫ్రిజ్‌లో రెండు రకాల ట్యూబులున్నాయి. పైఅరలో మంచి పాలవి, కింది అరలో చెడిపోబోతున్నవి. గ్రాములు రెండు రకాల్లోంచీ నాలుగేసి తీసింది. మంచి పాలవి స్టాండులో వెనక వరస, చెడ్డవి ముందు వరస. కాగితం ఎదురుగా పెట్టుకుంది. టైలరక్క స్టూలు లాక్కుని రెండు మూరల దూరంలో కూర్చుంది. గ్రాములు ఒళ్ళంతా కళ్ళు చేసుకుని, ఒక్కో మెట్టు కాగితంలో చూసి, ఒక్కో మెట్టు చేసింది. చుక్కలు వేసింది. గడియారం నొక్కింది.

ఐదు నిమిషాలు. ఎనిమిది. పన్నెండు. ఇరవై.

రెండు వరసలూ తెల్లగానే ఉన్నాయి.

మూడేళ్ళలో మొదటిసారి, గ్రాములు చేతికి కూడా రాలేదు. సందేహం గారు ఏదో అనబోయి, ఆ పిల్ల మొహం చూసి, మానేశాడు. మంచివాడే, అసూయ గిసూయ ఏం లేదు.

“అయిపోయిందక్కా. ద్రవమే పాడైపోయి ఉంటుంది. ఇంక నా వల్ల కాదు.”

“ఏం అయిపోలేదు, నోర్ముయ్. కాదు కాదు, నోరు తెరువు” అంది టైలరక్క. “రాత్రి వంటింట్లో నువ్వు తిట్టుకుంటూ చేశావు. ఇక్కడ పరీక్షలో కాపీ కొడుతున్నదానిలా చేశావు. నీ చేతులు నీ చేతుల్లా లేవు. మళ్ళీ తియ్యి ట్యూబులు. ఈసారి ఆ కాగితం వైపు చూడకు, నాతో మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“నువ్వొకసారి కోటు నిండా పాలు ఒలకబోసుకుని ఇంటికొచ్చావే, నేను తలుపు తియ్యలేదు. ఆ రోజు ఏమైందో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పు.”

గ్రాములు ఏడుపు దిగమింగుకుని పాత ట్యూబులు తీసేసి, మళ్ళీ ఫ్రిజ్ తెరిచి, వెనక వరసలో మంచివి నాలుగు పెట్టి, చెడ్డవి రెండు తీసింది. మొదటి ఏడాది సంగతి అది. చెడ్డ పాల ట్యూబు మూత సరిగ్గా బిగించలేదు, జేబులో పెట్టుకుని పైకి వెళుతుంటే లిఫ్టులో ఒలికింది. లిఫ్టులో ఎనిమిది మంది. మధ్యలో మేడమ్. ఆ వాసనకి ఒకాయన మూడో అంతస్తులోనే దిగిపోయి మెట్లెక్కి వెళ్ళాడు. మేడమ్ ముక్కు మూసుకోకుండా, ఊపిరి కూడా పీల్చకుండా, ఆరో అంతస్తు దాకా అలాగే నిలబడిపోయింది. చెబుతూ చెబుతూ గ్రాములుకే నవ్వొచ్చింది. “నెలరోజులు నా పక్కన ఎవరూ భోజనానికి కూర్చోలేదక్కా. అప్పట్నుంచి ఈ చెడ్డ పాల ట్యూబు తీశానంటే చాలు...”

“ఆగు!” అంది టైలరక్క. “కదలకు.”

గ్రాములు కొయ్యబారిపోయింది. కుడిచెయ్యి ద్రవం సీసా మూత మీద ఉంది.

“కుడిది కాదు. ఎడంచెయ్యి చూసుకో.”

చూసుకుంది. ఎడంచేతి పిడికిట్లో చెడ్డ పాల ట్యూబు ఉంది. గట్టిగా, దొంగని పట్టుకున్నట్టు. బొటనవేలు మూత మీద అదిమి ఉంది.

“ఇందాకటిసారి అన్నీ స్టాండులోనే ఉంచావు. ఈసారి ఫ్రిజ్‌లోంచి తీసిన దగ్గర్నుంచీ అది నీ పిడికిట్లోనే ఉంది. నువ్వు సీసా తీశావు, డ్రాపరు తుడిచావు, నంబరు రాశావు, లిఫ్టు కథ చెప్పావు. అంతసేపూ వదల్లేదు. వేళ్ళ సందులో ఇంకొకటి కూడా ఉంది చూడు.”

“మూత ఊడుతుందేమోనని...” అంది గ్రాములు మెల్లగా. “వాసన భయం.”

“ఎంతసేపు?” అన్నాడు సందేహం గారు.

“రెండు నిమిషాలు పైనే” అంది టైలరక్క.

చుక్కలు వేశారు. ఏడో నిమిషంలో ముందు వరసలో రెండు ట్యూబులు లేత గులాబీ రంగుకి తిరిగాయి. ఎనిమిదికి ముదిరాయి. సందేహం గారు ఫ్రిజ్ తెరిచి, చెడ్డ పాల ట్యూబు తీసి, పిడికిట్లో పట్టుకుని, రెండు నిమిషాలు తన గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. చుక్కలు వేశాడు. తొమ్మిదో నిమిషానికి అతని ట్యూబు కూడా గులాబీ రంగు.

ఇంకేముంది! గ్రాములు టైలరక్కని కావిలించుకుని గిరగిరా తిప్పేసింది. సందేహం గారు తన ట్యూబుని కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకుని, “నా చేతికి వచ్చింది, నా చేతికి కూడా వచ్చింది” అని పదిసార్లు అన్నాడు. ఫ్రిజ్‌లోంచి వచ్చిన పాలు చల్లగా ఉండగానే చుక్కలు పడితే ద్రవం పనిచెయ్యదు, అరచేతి వేడి తగిలితే చేస్తుంది. ఇంతే! ఇంత చిన్న సంగతికి నాలుగు రోజులు అన్నం సయించలేదు.

“రాయి, రాయి, మర్చిపోకముందే రాయి” అంది టైలరక్క. “ఆ వేపుడుది కూడా రాయి.”

పదిన్నర దాటింది. గ్రాములు కూర్చుని కాగితం మీద కొత్త మెట్టు రాయడం మొదలుపెట్టింది. ‘చెడిపోబోతున్న పాల ట్యూబుని రెండు నిమిషాలు పిడికిట్లో...’

పెన్ను ఆగిపోయింది.

టైలరక్క ఇంకా నవ్వుతూనే ఉంది. “ఏమైందే? స్పెల్లింగు రావట్లేదా?”

గ్రాములు తలెత్తి స్టాండు వైపు చూసింది. ముందు వరస వైపు కాదు, వెనక వరస వైపు. నాలుగు ట్యూబులు, తెల్లగా, ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టిన చోటే ఉన్నాయి. వాటి గోడల మీద ఇంకా చెమ్మ కనబడుతోంది.

“అక్కా, మంచి పాలకి వాసన ఉండదు” అంది.

“అయితే?”

“వాసన ఉండదు కాబట్టి నాకు భయం లేదు. భయం లేదు కాబట్టి వాటిని నేనెప్పుడూ పిడికిట్లో పట్టుకోలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా. అవి ఎప్పుడూ చల్లగానే ఉన్నాయి. చెడ్డవి మాత్రమే వెచ్చబడ్డాయి.” గ్రాములు పెన్ను కింద పెట్టేసింది. “నా ద్రవం చెడ్డ పాలని పట్టుకుంటోందని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. ఒకవేళ అది వేడిని పట్టుకుంటోందేమో. మంచి పాలని కూడా వెచ్చబెడితే గులాబీ రంగు వచ్చేస్తుందేమో. అప్పుడు నేను కనిపెట్టింది ఏమీ లేదక్కా. నా చెయ్యి వెచ్చగా ఉంటుందని కనిపెట్టానంతే.”

సందేహం గారు చేతిలో ట్యూబుని నెమ్మదిగా స్టాండులో పెట్టేశాడు.

“ఈ మాట మేడమ్‌కి చెప్పాలా?” అన్నాడు. ఎప్పుడూ అందరినీ అనుమానించే మనిషి, ఇప్పుడు అనుమానించవద్దని బతిమాలుతున్నట్టు అన్నాడు. “ఆవిడ అడిగింది ఒకటే కదా. ఇంకొకరి చేత్తో రంగు రావాలంది. వచ్చింది. ఆ మెట్టు రాసి ఇచ్చెయ్. తప్పేం కాదు, నిజమే కదా రాస్తున్నది.”

నిజం చెప్పొద్దూ, గ్రాములుకి కూడా ఆ ఆశ పుట్టింది. ఒక్క వాక్యం రాస్తే గండం గట్టెక్కుతుంది. అమ్మకి ఫోన్ చేసి అయిపోయిందమ్మా అని చెప్పొచ్చు. మూడేళ్ళుగా అమ్మ ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. కానీ ఆ వెనక వరస వైపు ఒకసారి చూశాక ఇంక చూడనట్టు ఉండటం ఎలాగో ఆ పిల్లకి చేతకాలేదు.

పదకొండుకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా మేడమ్ వచ్చింది. పిడికిలి సంగతి విన్నది. సందేహం గారి ట్యూబు చూసింది. ఆవిడ మొహంలో నవ్వులాంటిది మెరిసింది, లాబ్‌లో చాలా ఏళ్ళుగా ఎవరూ చూడనిది.

“బాగుంది. ఆ మెట్టు చేర్చి ఈ రోజే వాళ్ళకి పంపించు.”

“పంపించను మేడమ్.”

లాబ్‌లో ఫ్రిజ్ మోటారు చప్పుడు వినబడింది.

“ఏమిటీ?”

గ్రాములు లేచి నిలబడి వెనక వరస సంగతి చెప్పింది. ఏదీ దాచలేదు. మేడమ్ వింటూ వింటూ కళ్ళజోడు తీసింది.

“ముందు ఇది పంపు. పేపరు నిలబడుతుంది. మంచి పాల సంగతి తర్వాత నిదానంగా చేద్దాం.”

“తర్వాత అంటే ఎప్పుడు మేడమ్?”

“థీసిస్ ఇచ్చాక.”

“థీసిస్ ఇచ్చాక నేను చెయ్యను మేడమ్. నా సంగతి నాకు తెలుసు. ఏదో ఒక సాకు చెప్పుకుంటాను. చెయ్యాలంటే ఇప్పుడే, భయంగా ఉన్నప్పుడే చెయ్యాలి.”

“ఆ పేపరు మీద నా పేరు కూడా ఉంది, మర్చిపోకు” అంది మేడమ్. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే బాగుండేది. “నువ్వు పుట్టకముందు నుంచి ఈ పని చేస్తున్నాను నేను. ఒక్క పేపరు కూడా వెనక్కి తీసుకోలేదు.”

“అందుకే మీ ముందు చేస్తానంటున్నాను. చాటుగా చేసి, తప్పు తేలితే, అప్పుడు మీ మొహం చూడలేను.” గ్రాములు చేతులు వెనక్కి పెట్టుకుంది. “ఎవరో ఒకావిడ పొద్దున్నే పసిపిల్లకి పాలు పడుతూ నా ద్రవం చుక్కలు వేసుకుంటుంది మేడమ్. చెయ్యి చల్లగా ఉందనుకోండి. పాలు తెల్లగా ఉన్నాయి కదా అని పట్టేస్తుంది. ఆవిడకి నా థీసిస్ సంగతి ఏం తెలుస్తుంది? రంగు తప్పయితే తప్పనే రాస్తాను. మళ్ళీ మొదటినుంచీ చేస్తాను. ఇంకో మూడేళ్ళయినా సరే. కానీ ఇది చూడకుండా మాత్రం ఇక్కణ్ణుంచి కదలను.”

టైలరక్కకి ఈ మాటల్లో సగం అర్థం కాలేదు. అయినా లేచి వచ్చి గ్రాములు పక్కన నిలబడింది.

మేడమ్ కిటికీ వైపు చూసింది, స్టాండు వైపు చూసింది. ఆ తర్వాత చేతి గడియారం విప్పి కోటు జేబులో వేసుకుని, ఎడంచెయ్యి చాపింది.

“నాకూ ఒకటి ఇవ్వు. నీ ఒక్కదాని చేత్తో అయితే మళ్ళీ హస్తవాసి అంటాను.”

ఫ్రిజ్ పైఅరలోంచి కొత్తగా నాలుగు మంచి పాల ట్యూబులు తీశారు. పొద్దున వచ్చిన తాజా పాలు. మొదటిది గ్రాములు పట్టుకుంది, రెండోది సందేహం గారు, మూడోది మేడమ్, నాలుగోది టైలరక్క. నలుగురూ నాలుగు పిడికిళ్ళు బిగించి, ఏదో ప్రమాణం చేస్తున్నవాళ్ళలా వరసగా నిలబడ్డారు. రెండు నిమిషాలు గడిచాయి. తర్వాత గ్రాములు ఒక్కోదాంట్లో రెండేసి చుక్కలు వేసి స్టాండులో పెట్టింది. గడియారం నొక్కింది.

ఒకటి. రెండు. మూడు నిమిషాలు. నాలుగు ట్యూబులూ తెల్లగా ఉన్నాయి.

నాలుగు. ఐదు. తెల్లగానే ఉన్నాయి. సందేహం గారు ఊపిరి వదిలాడు. గ్రాములు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. రెప్ప వేస్తే ఏమవుతుందో అని భయం.

ఆరో నిమిషం దాటుతుండగా టైలరక్క ముందుకి వంగింది. తెల్లబట్ట తానుల్లో ఏది ఏ తెలుపో దూరం నుంచి చెప్పే మనిషి. తల ఒకవైపు వాల్చి చూసింది, ఇంకోవైపు వాల్చి చూసింది.

“పిల్లా, ఆ మూడోది మిగతావాటంత తెల్లగా లేదు” అంది.

“నాకేం తేడా కనబడట్లేదు” అన్నాడు సందేహం గారు గబగబా.

“నీకు ఇంకో నిమిషానికి కనబడుతుంది బాబూ.”

మూడోది మేడమ్ పట్టుకున్న ట్యూబు. మేడమ్ దాని వైపు వంగి చూడలేదు. గ్రాములు వైపు చూసింది. గ్రాములు ఆ చూపు కలుసుకోలేదు. కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను తీసుకుని, ‘ఏడో నిమిషం, మూడో ట్యూబు’ అని రాసి, ఎదురుగా రంగు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆనించి పెట్టుకుని కూర్చుంది.